61 కిలోల స్లయిడ్: మా పికప్ కాంపర్ డైరీ

జూన్ 8, ఆదివారం

మా పికప్ వెనుక మంచం, బాత్‌రూమ్ ఉండే ఒక చిన్న గది, అంటే కాంపర్, పెట్టాలని ఈ రోజు గట్టిగా నిర్ణయించుకున్నాం. ఊరికి వెళ్లేటప్పుడు ఎక్కించి బిగించుకోవాలి. తిరిగి వచ్చాక నాలుగు జాకీల మీద నిలబెట్టి, బండిని దాని కింద నుంచి బయటికి తీసేయాలి. మిగతా రోజుల్లో పికప్ పికప్పుగానే ఉండాలి. గది ఎడమ గోడలో కొంత భాగం సొరుగులా బయటికి జరగాలి. అమెరికాలో దీన్నే స్లయిడ్ ఔట్ అంటారు. అక్కడ ఉన్న మా తమ్ముడు రెండేళ్ల కింద ఇలాంటి కాంపర్ ఒకటి అద్దెకు తీసుకుని వీడియో పంపినప్పటి నుంచి అమ్మకు అదే ధ్యాస.

అమ్మది జమ్మలమడుగు పక్క పల్లె. గండికోట చిన్నప్పుడు చూసిందట, మళ్లీ చూడాలంటుంది. లేపాక్షి, హార్స్‌లీ హిల్స్ కూడా ఆమె జాబితాలో ఉన్నాయి. బెంగళూరు యలహంకలోని మా ఇంటి నుంచి ఇవేవీ పెద్ద దూరం కాదు. కానీ మోకాళ్ల నొప్పులతో ఆమెకు దారిలో బాత్‌రూమ్ దొరకడమే పెద్ద సమస్య. రాత్రి రెండుసార్లు లేస్తుంది. దిగిన ప్రతిచోటా మంచం ఎత్తు ఒకలా, బాత్‌రూమ్ గడప ఇంకోలా ఉంటుంది. తన మంచం, తన బాత్‌రూమ్ తనతోనే వస్తే ఎక్కడికైనా వస్తానంటుంది. అందుకే ఈ పని.

జూన్ 14

పీణ్యాలో బాడీలు కట్టే ఒక షెడ్డుకు వెళ్లాను. మేస్త్రిది హిందూపురం, కాబట్టి మాట సులువుగా సాగింది. మా కోరికలన్నీ చెప్పాను: మోటారుతో 90 సెంటీమీటర్లు బయటికి జరిగే స్లయిడ్, అందులో ఇద్దరు కూర్చునే సోఫా, పైన క్యాబిన్ మీదుగా మా ఇద్దరికీ పడక, వంట గట్టు, ఫ్రిజ్, 100 లీటర్ల నీళ్లు. ఆయన చదరపు ఇనుప గొట్టాల ఫ్రేమ్, 18 ఎంఎం ప్లైవుడ్, పైన అల్యూమినియం రేకు అన్నాడు. డబ్బు లెక్క వేసిచ్చాడు. బరువు ఎంతవుతుందని అడిగాను.

"ఏం కాదు సార్, వెనక రెండు కమాన్ పట్టీలు ఎక్కిస్తే టన్ను మోస్తుంది" అన్నాడు.

ఆయన మంచి పనివాడు, పని కళ్లారా చూశాను. అయినా ఈ మాట ఒప్పుకోలేకపోయాను. పట్టీలు ఎక్కిస్తే బండి వెనక కిందికి దిగకుండా ఉంటుంది, అంతే. బ్రేకులు, ఇరుసు, బేరింగులు, ఛాసిస్, టైర్లు పాతవే కదా. ఆర్సీలో రాసిన అంకె కూడా మారదు. ఎయిర్ సస్పెన్షన్ బ్యాగులు వేసినా ఇంతే. బండి సమంగా నిలబడినంత మాత్రాన దాని మోత పెరిగినట్టు కాదు.

జూన్ 15

నిన్న రాత్రి ఆర్సీ తీసి చూశాను. ఖాళీ బరువు 1,920 కిలోలు, నిండు బరువు (మనుషులు, సామాను అన్నీ కలిపి మించకూడని బరువు) 2,850. తేడా 930. ఈ 930ని పట్టుకునే నిద్రపోయాను.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ముందుగా తన బండి డ్రైవర్ తలుపు సందులో ఉన్న పసుపు స్టిక్కర్ ఫోటో పంపాడు. అక్కడ మామూలు పికప్‌లకు ఆ స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. వాడి బండికి 1,480 పౌండ్లు, అంటే 671 కిలోలు. స్లయిడ్ ఉన్న కాంపర్లు అక్కడ ఖాళీగానే చాలావరకు టన్నుకు పైన తూగుతాయి. అందుకే అవి పెద్ద పికప్‌ల మీద, చాలాసార్లు వెనక నాలుగు చక్రాలున్న వాటి మీద కనిపిస్తాయి. "అన్నా, కంపెనీలు రాసే బరువు చాలావరకు ఖాళీ డబ్బా బరువే. నీళ్లు, గ్యాసు, బ్యాటరీ, మనం అడిగి పెట్టించుకునేవి అందులో ఉండవు. నువ్వు ముందు బండిని కాటా వేయించు" అన్నాడు.

జూన్ 21

తుమకూరు రోడ్డులో ఒక వే బ్రిడ్జి మీద కాటా వేయించాను. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, నేను దిగిపోయి, ముందు మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే. మూడు చీటీలు.

మొత్తం 2,040. ముందు 1,180, వెనక 860.

ఆర్సీలో 1,920 ఉన్న బండి 2,040 ఎలా అయింది? నేను పెట్టించిన ముందు గార్డు, వెనక ట్రేకి (సామాను పెట్టే తొట్టికి) వేయించిన లైనర్, పైమూత, టూల్ పెట్టె, ట్యాంకు నిండా డీజిల్. 76 లీటర్ల డీజిలే 63 కిలోల దాకా ఉంటుంది. ఇవన్నీ నేను సరదాపడి ఒక్కొక్కటిగా పెట్టించుకున్నవే. నా 930 అక్కడికక్కడే 810 అయింది. ముగ్గురం కలిపి 206 కిలోలు (ఇంట్లో తూకం మీద ఒక్కొక్కరం నిలబడి చూశాం). మిగిలింది 604. గది, అందులోని నీళ్లు, గిన్నెలు, దుప్పట్లు, బట్టల సంచులు, అమ్మ మందుల డబ్బాతో సహా అన్నీ 604లోనే ఇమడాలి.

కాంపర్ కొనేవాళ్లు, కట్టించేవాళ్లు ఎవరైనా సరే, ముందు ఈ చీటీ చేతిలో పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. డిజైన్ దాని తర్వాతే.

తిరిగి వస్తూ పీణ్యా ఫ్లైఓవర్ ఎక్కాను. 2021 డిసెంబర్‌లో దీని కేబుళ్లలో లోపం బయటపడి మూసేశారు. తర్వాత చిన్న బండ్లను వదిలారు కానీ, లారీలు, బస్సులు చాలాకాలం కింద రోడ్డులోనే నడిచాయి. బరువు కంటికి కనబడదు. చూసేవాళ్లకు ఆ వంతెన ముందు రోజు ఎలా ఉందో ఆ రోజూ అలాగే ఉంది.

జూన్ 29

మేస్త్రి చెప్పిన పద్ధతిలో బరువు లెక్క కట్టాను. గది పైకప్పు, గోడలు, నేల అన్నీ కలిపి 27 చదరపు మీటర్లు. 8 బై 4 ప్లైవుడ్ షీటు 18 ఎంఎంది 35 కిలోల దాకా ఉంటుంది. తొమ్మిది షీట్లంటే ప్లైవుడ్ ఒక్కటే 300 దాటింది. ఇనుము, రేకు కలిస్తే డబ్బా 440. మోటారు స్లయిడ్ 128 అన్నాడు. 100 లీటర్ల నీళ్లు అంటే 100 కిలోలు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 55 కిలోల దాకా ఉంటుంది. ఫ్రిజ్, అలమారలు, పరుపులు కలిపితే మొత్తం 890.

604 ఎక్కడ, 890 ఎక్కడ.

మా ఆవిడ వెంటనే "స్లయిడ్ తీసేద్దాం" అంది. లెక్క ప్రకారం అది న్యాయమైన మాటే. స్లయిడ్ అంటే ఒక పెట్టెలో ఇంకో పెట్టె. దాని గోడలు దానికి ఉంటాయి. గది గోడకు పెద్ద కన్నం పెడతాం కాబట్టి ఆ కన్నం చుట్టూ బలం కోసం అదనపు ఫ్రేమ్ కావాలి. పట్టాలు, పళ్ల చక్రాలు, మోటారు, రబ్బరు సీళ్లు ఉంటాయి. బరువూ ఎక్కువ, వానలో కారే సందులూ ఎక్కువ. కానీ ఈ పని మొదలుపెట్టిందే అమ్మ మంచం కోసం. ఆ మంచం ఎక్కడ పడుతుందో తేలకుండా స్లయిడ్‌ను కొట్టేయడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకో దారి కూడా చూశాం. సరుకులు తోలే, ఒకే వరస సీటున్న సింగిల్ క్యాబ్ పికప్ కొంటే టన్నుకు పైగా మోస్తుంది, ట్రే కూడా తొమ్మిది అడుగులు. కానీ అది పసుపు నంబరు పలక గూడ్స్ బండి. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని అమ్మ మోకాళ్లతో 250 కిలోమీటర్లు పోవడం కుదరదు. బండి నడుస్తుండగా వెనక గదిలో ఎవరూ కూర్చోకూడదన్నది మొదటి రోజు నుంచీ మా నియమం. కాబట్టి మాకు ఉన్న, రెండు వరసల సీట్ల డబుల్ క్యాబే.

జూలై 6

ఈ రోజు పార్కింగ్‌లో నేల మీద సుద్దముక్కతో గది గీశాను. అట్టపెట్టెలు, పాత బెంచీ, రెండు స్టూళ్లతో లోపలి నమూనా కట్టాం. కాగితం మీద కనపడనిది ఒకటి ఇక్కడ కనపడింది.

పికప్ ట్రే పక్క గోడలు 50 సెంటీమీటర్ల ఎత్తు. స్లయిడ్ బయటికి జరగాలంటే ఆ గోడ పైనుంచే జరగాలి. అంటే స్లయిడ్ అడుగు లోపలి నేల నుంచి 52 సెంటీమీటర్ల పైన ఉంటుంది. నేను ఊహించుకున్న, కాళ్లు నేల మీద ఆనించి హాయిగా కూర్చునే సోఫా పికప్ స్లయిడ్‌లో రాదు. పరుపుతో కలిపి 60 సెంటీమీటర్లు అవుతుంది.

అమ్మకు అది ఎత్తని భయపడ్డాను. బెంచీ కింద ఇటుకలు పెట్టి సరిగ్గా 60కి లేపి కూర్చోబెట్టాం. ఆమె కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. "ఇదే బాగుందిరా, లేచేటప్పుడు మోకాలు పట్టడం లేదు" అంది. తక్కువ ఎత్తు సీటు నుంచి లేవడంలోనే మోకాలికి ఎక్కువ కష్టమట. కాళ్లు వేలాడకుండా కింద 15 సెంటీమీటర్ల పీట ఒకటి చాలు. ఇంట్లో ఆమె మంచం ఎంత ఎత్తుందో అప్పుడు కొలిచాం: 46. ఈ వారమే దాని కాళ్ల కింద దిమ్మలు పెట్టాలి.

స్లయిడ్ నిజంగా దేనికి కావాలో కూడా అప్పుడే తేలింది. ట్రే గోడ పైన గదికి రెండు వైపులా 30 సెంటీమీటర్ల గట్టు వస్తుంది. 30 సెంటీమీటర్ల మీద ఎవరూ పడుకోలేరు. అది 40 సెంటీమీటర్లు బయటికి జరిగితే 70 వెడల్పు, 160 పొడవు మంచం అవుతుంది. అమ్మ ఎత్తు 152. మధ్యలో నడిచే దారి ఖాళీగా ఉంటుంది, రాత్రి ఎవరినీ లేపకుండా బాత్‌రూమ్ మూలకు వెళ్లొచ్చు. మాకు కావలసింది 90 సెంటీమీటర్ల డ్రాయింగ్ రూమ్ కాదు. 40 సెంటీమీటర్లు చాలు. మోటారు అక్కర్లేదు, చేత్తో లాగొచ్చు. స్లయిడ్ మూసి ఉన్నప్పుడు కూడా లోపల 65 సెంటీమీటర్ల దారి మిగులుతుంది, కాబట్టి దారిలో ఎక్కడ ఆపినా అమ్మ లోపలికి వెళ్లి రావచ్చు.

జూలై 12

మేస్త్రితో కూర్చున్నాను. ప్లైవుడ్ వద్దు, సాండ్‌విచ్ ప్యానెల్ కావాలన్నాను. మధ్యలో 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిదే, ఇంకా గట్టిది), రెండు వైపులా ఒకటిన్నర ఎంఎం ఫైబర్ షీటు. ఆయన ఒక అడుగు ముక్క అంటించి తూచి చూపించాడు. లెక్కేస్తే చదరపు మీటరుకు 6.4 కిలోలు. ప్లైవుడ్ ఒక్కటే దాదాపు 12. ఎండను, చలిని కూడా ఇది బాగా ఆపుతుంది. ఇనుము బదులు అల్యూమినియం మూలలు. డబ్బా 238కి దిగింది. ఖర్చు పెరిగింది, అది నిజం.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 100 ఏహెచ్, 12 కిలోలు. నీళ్లు 50 లీటర్లు. అమ్మకు ఫ్రిజ్‌లో పెట్టే మందులేవీ లేవు కాబట్టి ఫ్రిజ్ పూర్తిగా తీసేశాం. స్లయిడ్ 61. అన్నీ కలిపి, నీళ్లు నింపిన గది 520. బట్టలు, తిండి సామానుకు 40. మొత్తం 560. పరిమితికి ఇంకా 44 కిలోలు కింద.

జూలై 20, ఆదివారం

ఇప్పటిదాకా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇది.

గది కట్టకముందే దాని బరువు బండి మీద పెట్టి చూడాలనుకున్నాను. బెంగళూరులో ప్రతి వీధిలో దొరికే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఉన్నాయి కదా. ఒక్కో నిండు క్యాను 20.7 కిలోలు తూగింది. 25 క్యాన్లంటే 517. కాలనీలో నీళ్లు వేసే అబ్బాయి విషయం విని ఉత్సాహంగా 25 క్యాన్లు తెచ్చి తనే సర్దాడు. ఐదు వరసలు, వరసకు ఐదు. ట్రే సరిగ్గా నిండింది.

వే బ్రిడ్జి మీద: మొత్తం 2,560, ముందు 1,110, వెనక 1,450.

చీటీ చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నేను ఎక్కించింది 520. వెనక ఇరుసు మీద పడింది 590. ముందు చక్రాల మీద 70 తగ్గింది. డబుల్ క్యాబ్ బండిలో ట్రే పొట్టిగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు దాటే ఉంటుంది. కాబట్టి ట్రేలో సమంగా సర్దిన బరువు తక్కెడలా ముందుభాగాన్ని పైకి లేపుతుంది. స్టీరింగ్ తిప్పే చక్రాలు, ఎక్కువ బ్రేకు పట్టే చక్రాలు అవే. ముగ్గురం ఎక్కి, సంచులు వెనక పెడితే వెనక ఇరుసు మీద 1,590 అవుతుంది. మాన్యువల్‌లో దాని పరిమితి 1,650. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా వెనక ఇరుసు ఒక్కటే అంచుకు చేరింది. మొత్తం మాత్రమే కాటా వేయించి ఉంటే ఇది తెలిసేదే కాదు.

పక్కనే ఖాళీ స్థలంలో బండి ఆపి, వెనక రెండు వరసల పది క్యాన్లను ముందు వరసల మీదికి ఎక్కించి తాళ్లతో కట్టాం. మెల్లగా మళ్లీ వే బ్రిడ్జి ఎక్కించాను. మొత్తం అదే 2,560. ముందు 1,170, వెనక 1,390. ఒక్క కిలో తగ్గించకుండా వెనక 60 తగ్గింది.

అమెరికాలో కాంపర్ కంపెనీలు గది పక్క గోడ మీద భారకేంద్రం ఎక్కడో గుర్తు వేస్తాయని, ఆ గుర్తు వెనక ఇరుసుకు ముందు పడాలని తమ్ముడు చెప్పినప్పుడు తలూపాను. ఈ రోజు క్యాన్లు మోశాక ఒంటికి పట్టింది.

గది పటం ఆ సాయంత్రమే తిరగరాశాను. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ క్యాబిన్ గోడకు ఆనుకుని, కుడివైపు. ఎడమవైపు స్లయిడ్ బరువుకు అవి సరిజోడు. వంట గట్టు తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది. తలుపు దగ్గర తేలికైన పరుపులు, బట్టలు.

ఆగస్టు 3

స్లయిడ్ నమూనా తయారైంది. గది ఇంకా లేదు, స్లయిడ్ పెట్టె, దాని ఫ్రేమ్ మాత్రమే ఒక స్టాండ్ మీద బిగించాం. రెండు టెలిస్కోపిక్ పట్టాలు. ఖాళీగా తూచాం: 63. రెండు కిలోలు ఎక్కువ.

40 సెంటీమీటర్లు బయటికి లాగి, లోపల ఐదు నీళ్ల క్యాన్లు పెట్టాం, 103 కిలోలు. బయటి అంచు 11 మిల్లీమీటర్లు కుంగింది. అంత కుంగితే పైన రబ్బరు సీలు నోరు తెరుచుకుంటుంది, వాన లోపలికి వస్తుంది. మేస్త్రి ఒక మడత కాలు తగిలించాడు, నేలకు ఆనేలా. 2 మిల్లీమీటర్లకు వచ్చింది. అందరం సంతోషించాం.

ఆ తర్వాత స్టాండ్‌తో సహా పికప్ మీదికి ఎక్కించి అదే కాలు నేలకు ఆనించాం. నేను, మేస్త్రి, అతని కుర్రవాడు ట్రేలోకి ఎక్కగానే స్ప్రింగులు దిగాయి, బండి కిందికి వచ్చింది, కాలు మాత్రం నేల మీద కదలకుండా నిలబడింది. బండి బరువంతా స్లయిడ్ అంచును పైకి తోసింది, పట్టాలు కరకరమన్నాయి. వెంటనే దిగిపోయాం. స్ప్రింగుల మీద ఊగే గదికి నేల మీద నిలిచే కాలు పనికిరాదు. ఊతం గదికే ఉండాలి, గదితోపాటే ఊగాలి.

ఆగస్టు 15

సెలవు రోజైనా మేస్త్రి వచ్చాడు. నేల కాలు తీసేసి, గది కింది అంచు నుంచి స్లయిడ్ బయటి అంచుకు ఏటవాలుగా రెండు అల్యూమినియం ఊతాలు పెట్టాడు. స్లయిడ్ బయటికి రాగానే వాటంతట అవే తెరుచుకుని గాడిలో పడతాయి. ఐదు క్యాన్లతో 3 మిల్లీమీటర్లు. మనుషులు ఎక్కినా దిగినా మారలేదు. కాలు తీసి, ఫ్రేమ్‌లో అక్కర్లేని చోట కన్నాలు వేశాక బరువు 61కే వచ్చింది.

హోస్ పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టాం. పైన ఎడమ మూలలో చెమ్మ కనిపించింది. సీలు కోసిన చోట అతుకు సరిగా లేదు. ఆ మూలకు అతుకు రాకుండా ఒకే ముక్క సీలు వేయాలి.

ఆగస్టు 24

కాగితాల పని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. బరువు మించితే సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. కారవాన్‌గానే కట్టే బండ్లకు ఏఐఎస్-124 అనే వేరే ప్రమాణం ఉంది. మాది ఛాసిస్‌కు బోల్టులతో పట్టే, విడదీసే గది. ఎక్కడా కోత, వెల్డింగ్ లేవు. అయినా పటాలు, బరువు చీటీలు జతచేసి ఆర్టీవో ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు వచ్చేదాకా గది రోడ్డెక్కదు.

బండి మీద నుంచి ముందు గార్డు, పైమూత తీసేయించాను. వెనక డోరు కూడా విప్పి ఇంట్లో పెట్టాను. గది తలుపు అక్కడే వస్తుంది. టైర్ల మీద అంకె చూశాను: 111. అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది, రెండూ కలిపి 2,180. దాని గురించి బెంగ లేదు.

సెప్టెంబర్ 7

మళ్లీ ఖాళీ బండి కాటా: 1,970. తీసేసిన వాటితో 70 మిగిలాయి. 44తో కలిపి ఇప్పుడు చేతిలో 114 ఉన్నాయి.

ఈ 114ను ఏం చేయాలని ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం. మా ఆవిడ చిన్న ఫ్రిజ్ అంది. నేను ఇంకో 20 లీటర్ల నీళ్లు అన్నాను. అమ్మ మాత్రం పరుపు మందం పెంచమని, బాత్‌రూమ్ దగ్గర గట్టిగా పట్టుకునే కడ్డీ ఒకటి పెట్టమని అడిగింది. కడ్డీ, దాని వెనక ప్యానెల్‌లో బలం కోసం పెట్టే పలక కలిపి 4 కిలోలు. పరుపు ఇంకో 3. ఆ ఏడు కిలోలు ఇచ్చేశాం. పరుపు మందమైనంత మేర పీట ఎత్తు కూడా పెరగాలి. మిగతా 107 ఎవరూ ముట్టుకోకూడదని అనుకున్నాం. పెయింటు, సీలెంటు, వైర్లు, బోల్టులు అంచనా కంటే ఎప్పుడూ ఎక్కువే తూగుతాయని మేస్త్రే చెప్పాడు. జూన్‌లో బరువు ఊసే పట్టించుకోని ఆయన ఇప్పుడు షెడ్డులో ఒక తూకం కొని పెట్టుకున్నాడు, తెచ్చిన ప్రతి ముక్కనూ తూచి ప్యానెల్ వెనక పెన్సిల్‌తో రాస్తున్నాడు.

ఈ సాయంత్రం ఎడమ గోడ ప్యానెల్ మీద స్లయిడ్ కన్నానికి గీత గీశాం. పొడవు 160, ఎత్తు 90. అమ్మను షెడ్డుకు తీసుకెళ్లాను. ఆమె ప్యానెల్ పక్కన నిలబడి, చేత్తో గీత మీదుగా ఒకసారి తడిమి, కిటికీ ఎక్కడొస్తుందని అడిగింది. పడుకున్నప్పుడు కళ్ల ఎదురుగా వచ్చేలా ఇంకో పది సెంటీమీటర్లు కిందికి దించాం. రేపు పొద్దున కోత.